పారిస్‌లో హైదరాబాద్ కుర్చీ

1948 సెప్టెంబర్ 16, గురువారం, పొద్దు వాలే వేళ. మీరు బంట్వారం చావడి ముందు నిలబడి ఉన్నారు. వానాకాలపు నల్లరేగడి అడుగు తీస్తే అరికాలితో పాటే లేచి వస్తోంది. అరుగుకు పరిచిన తాండూరు బండ అంచున కాలు గీకి, గొంగడి దులిపి పైకెక్కారు. ఊరి చుట్టూ కంది నడుము దాకా పెరిగింది, పూతకింకా టైముంది. పెసర కోతలైపోయాయి. జొన్నకు దున్నుకోవాల్సిన రోజులివి, కానీ ఇవ్వాళ నాగలి కట్టినవాళ్ళు తక్కువ.

"జహీరాబాద్ దాటిన్రంట," అంటాడు స్తంభానికి ఆనుకున్న ముసలాయన.

"ఎవరు చెప్పిన్రే కాకా?"

"వికారాబాద్ టేషన్ల అనుకుంటున్నరు."

అంతకు మించి ఎవరూ అడగరు. చావడిలో అన్ని రకాల చెవులూ ఉన్నాయి. పట్వారీ మనిషి ఉన్నాడు, పోలీస్ పటేల్ మనిషి ఉన్నాడు. మొన్నమొన్నటి దాకా ఖాకీ బట్టలేసుకుని, భుజాన తుపాకీతో రజాకార్లు తిరిగిన కాలం. ఇప్పుడు ఏ మాట ఎవరి చెవిన పడితే ఏమవుతుందోనని అందరికీ భయమే. కొందరికి రజాకార్లంటే భయం. అరుగు చివర తలకు రుమాలు చుట్టుకుని కూర్చున్న ముస్లిం రైతుకు రేపు వచ్చేవాళ్ళంటే భయం. ఇద్దరూ ఒకే చిలుం అందుకుంటున్నారు.

ముసలాయన విన్నది నిజమే. ఊరికి ఉత్తరాన, షోలాపూర్ నుంచి హైదరాబాద్ పోయే సడక్ మీద భారత సైన్యం నాలుగు రోజులుగా నడుస్తోంది. 13న సరిహద్దు దాటి నల్‌దుర్గ్ పట్టుకుంది. ఇవ్వాళ తెల్లవారుజామున లెఫ్టినెంట్ కల్నల్ రామ్‌సింగ్ దళం జహీరాబాద్ వైపు కదిలితే, దారిలో పాతిపెట్టిన మైన్లు అడ్డం పడ్డాయి. వాటిని తీసుకుంటూ, బీదర్ దారి కలిసే కూడలి దగ్గర పొంచి కాల్చినవాళ్ళతో తలపడటానికి కొందరిని వదిలి, మిగతా దళం ముందుకు సాగింది. రాత్రి పడేసరికి అది జహీరాబాద్ దాటి మరో 15 కిలోమీటర్లు వెళ్ళింది. బంట్వారంలో మీరు కూర్చున్న అరుగుకు ఆ సడక్ ఎడ్లబండి మీద ఒక రోజు దారి కూడా ఉండదు.

ఇప్పుడు కళ్ళు మూసి పారిస్‌లో తెరవండి.

అక్కడింకా మధ్యాహ్నమే. ఎదురుగా సేన్ నది, ఆవలి ఒడ్డున ఈఫిల్ టవర్. ఈవలి గుట్ట మీద రెండు రెక్కలు చాచినట్టు పాలె ద షాయో. 1937 ప్రదర్శన కోసం కట్టిన ఈ భవనంలో ఇంకో అయిదు రోజుల్లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశం మొదలవుతుంది. డిసెంబర్ 10న ఇక్కడే మానవ హక్కుల ప్రకటన ఆమోదం పొందుతుంది. భద్రతా మండలి కూడా న్యూయార్క్ నుంచి సామాను సర్దుకుని ఇక్కడికే వచ్చింది. ఇవ్వాళ్టి దాని 357వ సమావేశం అజెండాలో హైదరాబాద్ పేరుంది.

మీరు గోడవార నిలబడి చూడండి. బల్ల చుట్టూ పదకొండు దేశాలు. అయిదు పెద్ద దేశాలు కాక అర్జెంటీనా, బెల్జియం, కెనడా, కొలంబియా, సిరియా, ఉక్రెయిన్. అధ్యక్ష స్థానంలో బ్రిటన్ ప్రతినిధి సర్ అలెగ్జాండర్ కాడొగన్. నిన్నమొన్నటి దాకా నిజాంకు 'నమ్మకమైన మిత్రుడు' అని బిరుదిచ్చిన దేశం మనిషే ఇవ్వాళ ఆ నిజాం ఫిర్యాదు వినాలా వద్దా అని ఓటు పెడుతున్నాడు. చైనా ప్రతినిధి తొందరెందుకు, వాయిదా వేద్దాం అన్నాడు. ఎవరేం మాట్లాడినా ఇంగ్లీషులో అయ్యాక ఫ్రెంచిలోకి, ఫ్రెంచిలో అయితే ఇంగ్లీషులోకి మళ్ళీ మొదటి నుంచీ చెప్పాలి. ప్రతి మాటా రెండుసార్లు. జహీరాబాద్ సడక్ మీద టాంకులు ఏ అనువాదకుడి కోసమూ ఆగడం లేదు.

ఓటు అయ్యింది. అజెండాలో చేర్చడానికి 8 మంది సరేనన్నారు. చైనా, సోవియట్ యూనియన్, ఉక్రెయిన్ తటస్థంగా ఉన్నాయి. చేర్చినంత మాత్రాన ఈ విషయం తేల్చే అధికారం మండలికి ఉందని ఒప్పుకున్నట్టు కాదని మొదటే చెప్పుకున్నారు. తర్వాత రెండు కుర్చీలు బల్ల దగ్గరికి జరిగాయి. ఒకదాంట్లో భారత ప్రతినిధి సర్ ఆర్కాట్ రామస్వామి మొదలియార్ కూర్చున్నాడు, రెండోదాంట్లో నవాబ్ మొయిన్ నవాజ్ జంగ్.

ఈ రెండో ఆయన్ని బాగా చూడండి. నిజాం ప్రభుత్వంలో విదేశీ వ్యవహారాల మంత్రి, ఆర్థిక మంత్రి కూడా. ప్రధానమంత్రి మీర్ లాయక్ అలీకి దగ్గరి బంధువు. విదేశీ వ్యవహారాల మంత్రి అంటే పెద్ద మాటే, కానీ ఆ శాఖకు ఉన్న విదేశం ఎంత? లండన్‌లో ఏజెంట్ జనరల్‌గా మీర్ నవాజ్ జంగ్ ఉన్నాడు. ఢిల్లీ తరఫున హైదరాబాద్‌లో కె.ఎం. మున్షీ ఉన్నాడు. సలహాకు సర్ వాల్టర్ మాంక్టన్ ఉండేవాడు. 1936లో ఇంగ్లండ్ రాజు ఎనిమిదో ఎడ్వర్డ్ సింహాసనం వదులుకున్నప్పుడు పక్కనుండి కాగితాలు నడిపిన న్యాయవాది ఆయన. జూన్‌లో చర్చలు విఫలమయ్యాక ఆయనా చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు. ఒక రాజుకు గద్దె ఎలా దిగాలో చెప్పినవాడు ఇంకో రాజుకు ఎలా నిలబెట్టుకోవాలో చెప్పలేకపోయాడు.

మొయిన్ నవాజ్ జంగ్ పైకొచ్చిన తీరు తెలియాలంటే ఒక ఏడాది వెనక్కి, 1947 అక్టోబర్ 27 తెల్లవారుజాము హైదరాబాద్‌కు పోవాలి. భారత్‌తో యథాతథ ఒప్పందం ముసాయిదా సిద్ధమైంది. నిజాం మంత్రిమండలి మెజారిటీ ఒప్పుకుంది. ప్రధాని ఛత్తారీ నవాబు, మాంక్టన్, సర్ సుల్తాన్ అహ్మద్ సంతకాల కోసం విమానమెక్కి ఢిల్లీ వెళ్ళాలి. చీకట్లోనే మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ గుంపులు వచ్చి వాళ్ళ ఇళ్ళను చుట్టుముట్టాయి. ప్రయాణం ఆగిపోయింది, ఛత్తారీ రాజీనామా చేశాడు. ఆ ఖాళీలో కొత్త బృందం బయల్దేరింది. నాయకుడు మొయిన్ నవాజ్ జంగ్, వెంట అబ్దుల్ రహీం, పింగళి వెంకటరమణారెడ్డి. ఇంత హంగామా చేసి వాళ్ళు సాధించిందేమిటంటే, 1947 నవంబర్ 29న నిజాం సంతకం పెట్టిన ఒప్పందం దాదాపుగా పాతదే. కాగితం మారలేదు, దాన్ని మోసుకెళ్ళే చెయ్యి మారింది. మజ్లిస్, రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీకి కావాల్సిందీ అదే.

ఇక పారిస్‌లో మొయిన్ నవాజ్ జంగ్ మాట్లాడటం మొదలుపెట్టాడు. వాదన బలహీనమైంది కాదు. సభ్యత్వం లేని రాజ్యం కూడా శాంతియుత పరిష్కారానికి కట్టుబడతానంటే తన వివాదాన్ని మండలి ముందుకు తేవచ్చని ఐక్యరాజ్యసమితి నిబంధనావళి 35వ అధికరణం రెండో పేరా అంటుంది. ఆగస్టు 21న హైదరాబాద్ తంతి పంపింది దాని కిందే. బ్రిటిష్ వాళ్ళు వెళ్ళిపోయాక సంస్థానాల మీద వాళ్ళ సార్వభౌమాధికారం ఎవరికీ బదిలీ కాలేదు కాబట్టి మాది స్వతంత్ర రాజ్యమే, ఇప్పుడు దాని మీద దండయాత్ర జరుగుతోంది అంటాడు. సరిహద్దు దాటిన సైన్యం సంగతి ఎవరూ కాదనలేరు.

మొదలియార్ జవాబు వేరే దారిలో వస్తుంది. హైదరాబాద్ ఎన్నడూ రాజ్యం కాదు, అది తేలకుండా 35వ అధికరణం ఎలా పనికొస్తుందని ఆయన ప్రశ్న. చుట్టూ భారతదేశమే, నౌకాశ్రయం లేదు, విదేశీ సంబంధాలు ఏనాడూ లేవు, ఇది మా ఇంటి వ్యవహారం అన్నాడు.

ఈ రెండు వాదనల్నీ నేను చాలాసార్లు చదువుకున్నాను. చట్టం వరకే చూస్తే నవాబుగారి కేసును నవ్వి తోసెయ్యలేం. కానీ ఆ ప్రసంగంలో ఒక ఖాళీ ఉంది. మొయిన్ నవాజ్ జంగ్ ఆ కుర్చీలో ఎవరి తరఫున కూర్చున్నాడు? రాజ్యంలో కోటీ అరవై లక్షలకు పైగా జనం. ఎనభై అయిదు శాతం దాకా హిందువులే. వాళ్ళలో తెలుగు, మరాఠీ, కన్నడ మాట్లాడేవాళ్ళు. వాళ్ళెవరూ ఆయనకు ఓటెయ్యలేదు, ఎందుకంటే అందరికీ ఓటనేదే లేదు. జనాభిప్రాయం తీసుకుందామన్న మాట ఢిల్లీ, హైదరాబాద్ చర్చల్లో వస్తూ పోతూ ఉంది, జరిగింది మాత్రం లేదు. బృందంలో దళిత నాయకుడు బి. శ్యాంసుందర్‌ను కూడా తీసుకెళ్ళారు, ఇది ముస్లింల గొడవ ఒక్కటే కాదని లోకానికి చూపడానికి. శ్యాంసుందర్‌కు తన లెక్కలు తనకున్నాయి. సవర్ణ రాజ్యం వస్తే అంటరానివాడి బతుకు మారుతుందన్న నమ్మకం ఆయనకు లేదు. దాన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యకూడదు. అయినా పారిస్ బల్ల దగ్గర ఆయన ఉనికి ఎవరినీ కదిలించలేదు.

బంట్వారం అరుగు మీద కూర్చున్నవాళ్ళకు సర్కారు అంటే ఏమిటో తెలుసు. లెవీ కింద గింజలు తూకమేసుకుపోయే బండి. పట్వారీ రాసుకున్న లెక్క. అధికారి వస్తే వెట్టికి కట్టాల్సిన ఎడ్లు. పట్నం కచేరీలో ఉర్దూలో రాసిన కాగితం చేతికొస్తే దాన్ని చదివి చెప్పేవాడి కాళ్ళు పట్టుకోవాలి. 35వ అధికరణం వీళ్ళ పేరు మీద పలుకుతోందని ఆ రాత్రి వాళ్ళకు చెప్పినవాడు లేడు. చెప్పి ఉంటే ఏమనేవాళ్ళో ఊహించడం కష్టం. ముసలాయన బహుశా "మనకెందుకు బిడ్డా" అని చిలుం పక్కవాడికి అందించేవాడు.

మర్నాడు, సెప్టెంబర్ 17. తెల్లవారకముందే సైన్యం బీదర్‌లోకి వచ్చేసింది. హైదరాబాద్‌లో లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా చేసింది. సాయంత్రం అయిదింటికి కాల్పుల విరమణ. 18న నగరం బయట హైదరాబాద్ సేనాపతి ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోయాడు. అయిదు రోజుల్లో అంతా అయిపోయింది.

అదే 17న జెరూసలేంలో ఐక్యరాజ్యసమితి మధ్యవర్తి కౌంట్ బెర్నడోట్‌ను కాల్చి చంపారు. 18న మండలికి పాలస్తీనా తప్ప ఇంకేమీ కనపడలేదు. బెర్లిన్ దిగ్బంధం మూడో నెల నడుస్తోంది. హైదరాబాద్ మీద ఎంతో కొంత పట్టున్న పాకిస్తాన్ ఆ నెల 11న జిన్నాను పోగొట్టుకుంది. పారిస్ హోటల్ గదిలో మీరు మొయిన్ నవాజ్ జంగ్ పక్కన ఉంటే తెల్లారి పత్రికల్లో హైదరాబాద్ కోసం పేజీలు తిప్పాల్సి వచ్చేది.

20న మండలి మళ్ళీ హైదరాబాద్ విషయానికి వచ్చింది. యుద్ధం ఆగిపోయింది, ఫిర్యాదుకు ఇక పని లేదు అన్నాడు మొదలియార్. నిజాం నుంచి తనకు నేరుగా ఆదేశాలు అందాలన్నది మొయిన్ నవాజ్ జంగ్ ఇబ్బంది. రాజ్యం లేదు, మంత్రిమండలి లేదు, రాజుగారి నోటి మీద ఎవరి చెయ్యి ఉందో తెలియదు. రాయబారికి ఇంతకన్నా అన్యాయమైన స్థితి ఉండదు. అంతవరకు నాకు ఆయన మీద జాలే.

జాలి తగ్గే సంగతీ అదే తేదీన ఉంది. సెప్టెంబర్ 20నే లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో హైదరాబాద్ ప్రభుత్వ ఖాతా నుంచి 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులు కదిలాయి. బదిలీ చేసింది ఆర్థిక మంత్రి హోదాలో మొయిన్ నవాజ్ జంగ్. చేరింది లండన్‌లో పాకిస్తాన్ హైకమిషనర్ హబీబ్ ఇబ్రహీం రహింతూలా పేరిట. ఒక వారం తిరిగేసరికి, నాకు తెలియకుండా జరిగింది, తిరిగివ్వండి అని నిజాం బ్యాంకుకు చెప్పాడు. రెండు పక్షాలూ ఒప్పుకుంటే తప్ప ఇవ్వం అంది బ్యాంకు. డబ్బు అక్కడే ఉండిపోయింది.

ఆ డబ్బు వెంట కొంచెం దూరం నడుద్దాం, ఎందుకంటే మొయిన్ నవాజ్ జంగ్ చేసిన పనుల్లో ఎక్కువ కాలం బతికింది ఇదే. 1957లో కేసు బ్రిటన్ ప్రభువుల సభ దాకా పోయింది. పాకిస్తాన్ సార్వభౌమ రాజ్యం, దాని మీద దావా నడవదని నిజాం కేసు ఆగిపోయింది. ఆ తర్వాత యాభై ఏళ్ళకు పైగా నిద్ర. 2013లో పాకిస్తానే కోర్టుకెక్కి ఆ రక్షణ పోగొట్టుకుంది. 2019 అక్టోబర్ 2న లండన్ హైకోర్టు న్యాయమూర్తి మార్కస్ స్మిత్ తీర్పు చెప్పేనాటికి పది లక్షల పౌండ్లు మూడున్నర కోట్ల పౌండ్లయ్యాయి. అది ఏడో నిజాందే, ఆయన వారసులకూ వాళ్ళతో ఒప్పందం చేసుకున్న భారత్‌కూ చెందుతుందన్నాడు. ఆయుధాల బాకీ కింద తమకు రావాలన్న పాకిస్తాన్ మాట నిలవలేదు. ఖజానా లెక్కల్లో చూస్తే ఆ ఖాతాకు దారి భూమిశిస్తు కచేరీల గుండానే పోతుంది. బంట్వారం నల్లరేగడి మీద వేసిన శిస్తూ ఎక్కడో అందులో ఉండే ఉంటుంది.

పారిస్‌కు వస్తే, సెప్టెంబర్ 22న ఫిర్యాదు ఉపసంహరించుకుంటున్నానని నిజాం తంతి కొట్టాడు. 28న మండలి మళ్ళీ కూర్చుంది. నిజాం బలవంతం కింద ఉన్నాడని ఒకరు, లేడని ఒకరు. 1949 మేలో పాకిస్తాన్ విదేశాంగ మంత్రి జఫరుల్లా ఖాన్ సుదీర్ఘంగా మాట్లాడాడు. తీర్మానం రాలేదు. అంశం మాత్రం మూసెయ్యలేదు. 'హైదరాబాద్ సమస్య' అనే పేరు మండలి పరిశీలనలోని అంశాల జాబితాలో దశాబ్దాల తరబడి అలాగే అచ్చవుతూ వచ్చింది.

ఈలోగా మీరు వదిలి వచ్చిన అరుగు మీద ఆ రుమాలు చుట్టుకున్న రైతు భయం ఒట్టిది కాలేదు. సైన్యం వచ్చాక రాజ్యంలోని పడమటి జిల్లాల్లో ముస్లింల మీద ఊచకోతలు జరిగాయి. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ బృందం ఆ ఏడాది నవంబర్, డిసెంబర్‌లలో తిరిగి ఇచ్చిన నివేదిక చనిపోయినవాళ్ళు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా వేసింది. ఎక్కువ నష్టపోయిన నాలుగు జిల్లాలు ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. బంట్వారానికి దగ్గర్లోని తాండూరు ప్రాంతం అప్పుడు గుల్బర్గా జిల్లాలోదే. పారిస్‌లో హైదరాబాద్ ముస్లింల పేరెత్తి మాట్లాడిన మొనగాళ్ళలో ఏ ఒక్కడూ ఆ రోజుల్లో వాళ్ళ మధ్య లేడు. ఆ నివేదికను ఢిల్లీ చాలా కాలం బయటపెట్టలేదు.

ఇదే హైదరాబాద్ నుంచి ఇంకో నవాబు కూడా పారిస్ వెళ్ళాడు, పదమూడేళ్ళ తర్వాత. పేరు అలీ యావర్ జంగ్. ఇక్కడి బిల్‌గ్రామీల ఇంటివాడు, 1906లో పుట్టాడు, ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు. నిజాం ప్రభుత్వంలో రాజ్యాంగ వ్యవహారాల మంత్రిగా 1947 వేసవిలో ఢిల్లీతో బేరాలాడిన బృందంలో ఉన్నాడు. భారత్‌తో రాజీ తప్ప దారి లేదన్నది ఆయన అంచనా. అది దర్బారులో చెల్లలేదు, ఆ ఏడాదే మంత్రి పదవి వదులుకున్నాడు. మొయిన్ నవాజ్ జంగ్ పారిస్‌లో కాగితాలు సర్దుకున్న 1948లోనే ఈయన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి రెండోసారి వైస్ చాన్స్‌లరయ్యాడు.

1952 నుంచి ఆయన భారత రాయబారి. అర్జెంటీనా అయ్యాక కైరో. 1956లో నాసర్ సూయెజ్ కాలువను జాతీయం చేసి, బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ విరుచుకుపడినప్పుడు ఢిల్లీకి అక్కడి కబురు పంపాల్సింది ఈ హైదరాబాదీనే. 1958 నుంచి బెల్‌గ్రేడ్, ఏథెన్స్ కూడా ఆయన కిందే. టిటో యుగోస్లావియా అటు మాస్కోకూ ఇటు వాషింగ్టన్‌కూ కాకుండా అలీన దేశాల్ని కూడగట్టుకుంటున్న రోజులవి. 1961లో పారిస్. ద గాల్ అధ్యక్షుడు, అల్జీరియా యుద్ధం చివరి దశలో ఉంది.

మీరు 1962 వేసవిలో ఆ రాయబార కార్యాలయంలో నిలబడి ఉంటే బల్ల మీద పాత ఫైలు ఒకటి ఉంటుంది. పుదుచ్చేరి, కారైకాల్, మాహె, యానాం. గోదావరి పాయ ఒడ్డున తెలుగు మాట్లాడే యానాం 1954లోనే భారత్ చేతికొచ్చింది, కానీ కాగితం మీద ఇంకా ఫ్రాన్సుదే. 1956 మే 28న సంతకమైన అప్పగింత ఒప్పందాన్ని ఫ్రెంచి పార్లమెంటు ఆమోదించలేదు, అల్జీరియా తేలేదాకా నానబెట్టింది. అలీ యావర్ జంగ్ పారిస్‌లో ఉండగా ఆ ఆమోదం వచ్చింది. 1962 ఆగస్టు 16న రెండు ప్రభుత్వాలూ పత్రాలు మార్చుకున్నాయి.

ఆ ఒప్పందంలో ఒక నిబంధన ఉంది. అక్కడ పుట్టి అక్కడే ఉంటున్న ఫ్రెంచి పౌరులు భారత పౌరులవుతారు. ఫ్రెంచి పౌరసత్వమే ఉంచుకుంటామంటే ఆ సంగతి రాసిచ్చుకోవచ్చు. రాసిచ్చుకోవడానికి యానాం వాళ్ళకు ఆరు నెలల గడువిచ్చారు.